బొమ్మల బుట్టలో ఐడీ కార్డు

ఈసారి వచ్చిన ఉత్తరం నాలుగు పేజీలు. రాసినావిడకు 32 ఏళ్లు. ఒక సంస్థ లెక్కల విభాగంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నారు. రెండేళ్ల నాలుగు నెలల కూతురు ఉంది. పదకొండో నెల నుంచి పాప పగలంతా డే కేర్‌లోనే ఉంటోంది. ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చారు. ఇప్పుడు రెండు సంగతులు ఒకేసారి వచ్చి పడ్డాయి.

ఒకటి ప్రమోషన్. ఆరుగురున్న బృందాన్ని ఆమెకు అప్పగిస్తామని పై అధికారి చెప్పారు. జీతం పెరుగుతుంది. నెలాఖరు రోజుల్లో మాత్రం బాగా పొద్దుపోయే దాకా ఉండాలి. జవాబు చెప్పడానికి రెండు నెలల గడువుంది.

రెండోది ఐడీ కార్డు. ఒక రోజు ఉదయం అది కనబడలేదు. ఇల్లంతా వెతికి, ఆలస్యమవుతోందని కార్డు లేకుండానే వెళ్లి, గేటు దగ్గర రిజిస్టరులో సంతకం చేసి లోపలికి వెళ్లారు. సాయంత్రం బొమ్మలు సర్దుతుంటే బుట్ట అడుగున, గుడ్డబొమ్మ కింద దొరికింది. ఇక్కడెందుకు పెట్టావని అడిగితే పాప, "కార్డు లేదు. అమ్మకి ఆఫీసు లేదు" అంది. ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టలేదు. తెల్లవారేలోపు రాజీనామా లేఖ రాశారు. పంపలేదు, చింపలేదు.

చుట్టూ ఉన్నవాళ్లు తలో మాటా అంటున్నారు. పిల్ల బెంగ పెట్టుకుని చిక్కిపోతోందనీ, డబ్బు ఎప్పుడైనా సంపాదించుకోవచ్చనీ అత్తగారు. చిన్న ఖర్చుకు కూడా జీవితమంతా భర్త ముందు చెయ్యి చాచిన తన తల్లేమో, ఏమైనా చెయ్యి గానీ ఉద్యోగం మాత్రం వదలొద్దంటున్నారు. ఉద్యోగం మానేసిన స్నేహితురాలు పగలు ప్రశాంతంగా ఉన్నానంటుంది, రాత్రి పదకొండుకు మెసేజ్ పెట్టి మీ దగ్గర ఖాళీలున్నాయా అని అడుగుతుంది. భర్త "నీ ఇష్టం" అన్నారు. జీతంలో దాదాపు సగం డే కేర్‌కూ రాకపోకలకూ పోతోందని లెక్క వేసుకుని ఆవిడ అడుగుతున్న ప్రశ్న ఇది: "మిగిలిన సగం కోసం నా బిడ్డను పరాయివాళ్ల చేతుల్లో పెడుతున్నానా? పాపకు ఏది మంచిది? నేను స్వార్థపరురాలినా?"

అమ్మా, మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మూడోసారి చేతిలో పెన్సిలు పట్టుకున్నాను. మీరు పేజీల కొద్దీ రాసిన చోట గీత పెట్టాల్సిన అవసరం రాలేదు. పైపైన రాసి దాటేసిన నాలుగు చోట్ల పెట్టాను. నేను మాట్లాడబోయేది వాటి గురించే.

మొదటి గీత రెండో పేజీలో, బ్రాకెట్లో ఉన్న వాక్యం కింద. "(దింపిన ఐదు నిమిషాలకే ఏడుపు ఆపేసి ఆడుకుంటుందని అక్కడి ఆయమ్మ అంటుంది.)" పాప ఏడుపు గురించి పేజీన్నర రాశారు, ఏడుపు ఆగిన సంగతిని బ్రాకెట్లో పెట్టారు. తప్పు చేశానేమోనని కుమిలిపోయే మనిషి సాక్ష్యాలను ఇలాగే పోగు చేసుకుంటుంది. తనకు వ్యతిరేకంగా ఉన్నవి పెద్దక్షరాల్లో, అనుకూలంగా ఉన్నవి చిన్నక్షరాల్లో.

ఇక కార్డు సంగతి. మీకది మీ మీద దాఖలైన ఫిర్యాదులా కనబడింది. నాకు మాత్రం ముందు నవ్వొచ్చింది, తర్వాత ముచ్చటేసింది. ఆ పిల్ల రోజూ ఉదయం మిమ్మల్ని గమనిస్తోంది. చెప్పులు, సంచీ, తాళాలు అన్నీ చూసి, మిమ్మల్ని బయటికి లాక్కెళ్లేది మెడలో వేసుకునే ఆ చిన్న కార్డేనని తేల్చుకుంది. అది మాయమైతే మీ ప్రయాణం ఆగిపోతుందని లెక్క వేసింది. మీరు వెతకని చోటు చూసి మరీ దాచింది. అడిగితే దాచకుండా చెప్పేసింది. లెక్కల విభాగంలో పనిచేసే తల్లికి తగ్గ కూతురే! బెంగతో నీరుగారిపోయిన పిల్లకు ఇంత పన్నాగం సాగదు. అమ్మ వెళ్లకుండా ఉంటే బాగుండునని ఆమె కోరుకుంటోంది, నిజమే. ఈ వయసు పిల్లలు ఇంకా చాలా కోరుకుంటారు. రాత్రి నిద్రపోకూడదనీ, స్నానం ఆపకూడదనీ కోరుకుంటారు. కోరిక తీరకపోవడం వేరు, మనసుకు దెబ్బ తగలడం వేరు. ఈ రెంటినీ మీరు ఆ రాత్రి కలిపేసుకున్నారు.

అమ్మ కనుమరుగైతే ఏడవడం పిల్లల్లో సాధారణంగా ఎనిమిదో నెల ప్రాంతంలో మొదలవుతుంది. ఏడాదికి అటూ ఇటూగా, ఏడాదిన్నర దాకా బలంగా ఉంటుంది. ఎక్కువమందిలో మూడేళ్లు వచ్చేసరికి సద్దుమణుగుతుంది. ఇది ఉద్యోగినుల పిల్లలకు మాత్రమే వచ్చేది కాదు. ఇంట్లోనే ఉన్న తల్లిని అడగండి, స్నానాల గది తలుపు అవతల నిలబడి పిల్లాడు ఎంత గోల చేస్తాడో చెబుతుంది.

మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏడాది వయసు పిల్లలను గమనించడానికి ఒక చిన్న పద్ధతి రూపొందించారు. ఒక గదిలో తల్లీబిడ్డలు ఉంటారు. కాసేపటికి తల్లి బయటికి వెళుతుంది, కొద్ది నిమిషాల్లో తిరిగి వస్తుంది. తల్లి వెళ్లేటప్పుడు పిల్లలు ఏడ్చారా లేదా అన్నదాని కంటే, తిరిగి వచ్చినప్పుడు ఏం చేశారన్నదే ఆమె ప్రధానంగా చూశారు. తల్లి దగ్గరకు వెళ్లి, ఆమెను పట్టుకుని, ఊరట పొంది మళ్లీ ఆటలో పడే పిల్లలకు తల్లి మీద గట్టి నమ్మకం ఉన్నట్టు లెక్క. మీ పాప సాయంత్రం ఏం చేస్తుందో మీరే రాశారు: మిమ్మల్ని చూడగానే పరుగెత్తుకొచ్చి కాళ్లను చుట్టేస్తుంది. ఇంటికొచ్చాక నీలం కప్పు ఇవ్వలేదని నేల మీద దొర్లి అరగంట ఏడుస్తుందని కూడా రాశారు. పగలంతా నలుగురి మధ్య, వేరేవాళ్లు చెప్పినట్టు నడుచుకున్న పిల్ల, బిగబట్టుకున్నదంతా తన మనిషి దగ్గర వదిలేస్తుంది. మీరూ ఆఫీసులో పై అధికారితో సౌమ్యంగా మాట్లాడి, ఇంటికొచ్చి భర్త మీద విసుక్కోరూ? నీలం కప్పు గొడవ అలాంటిదే.

అత్తగారి మాటకొద్దాం. ఆవిడకు తెలియకపోవచ్చు గానీ ఆ వాదన వెనక పెద్ద చరిత్రే ఉంది. జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదిక 1951లో వచ్చింది. పసితనంలో తల్లితోనో, తల్లిలా చూసుకునే మరొకరితోనో ఆప్యాయమైన, ఎడతెగని బంధం లేకపోతే పిల్లలు దెబ్బతింటారని అందులో చెప్పారు. ఆయన పరిశీలించినది ఎక్కువగా యుద్ధం వల్ల, అనారోగ్యం వల్ల, అనాథాశ్రమాల వల్ల కుటుంబాలకు నెలల తరబడి, ఏళ్ల తరబడి దూరమైన పిల్లలను. కాలక్రమంలో ఆ మాట జనంలోకి వెళ్లి, ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చే తల్లి మీద కూడా వచ్చి వాలింది. అనాథాశ్రమంలో పెరగడం, రోజూ సాయంత్రం అమ్మ కాళ్లను చుట్టేయడం ఒకటి కావు కదా.

అలాగని డే కేర్ వల్ల ఏ తేడా ఉండదని చెప్పి మిమ్మల్ని ఓదార్చను. ఈ విషయం మీద చాలా పెద్ద అధ్యయనం ఒకటి అమెరికాలో జాతీయ శిశు ఆరోగ్య, మానవాభివృద్ధి సంస్థ ఆధ్వర్యంలో 1991లో మొదలైంది. పది ప్రాంతాల్లో పుట్టిన 1,300 మందికి పైగా పిల్లలను వాళ్లు టీనేజీకి వచ్చేదాకా గమనించారు. మంచి సంరక్షణ దొరికిన పిల్లలు మాటల్లో, గ్రహింపులో కొంచెం ముందున్నారు. పసితనంలో ఎక్కువ గంటలు కేంద్రాల్లో గడిపిన పిల్లల్లో మాట వినకపోవడం, దుడుకుతనం కొంచెం ఎక్కువ కనిపించాయి. అవి కూడా చాలావరకు మామూలు హద్దుల్లోనే ఉన్నాయి. ఈ రెండు 'కొంచెం'ల కంటే బలంగా తేలింది మరొకటి: తల్లి బిడ్డతో ఎలా మసలుతుంది, ఇంటి వాతావరణం ఎలా ఉంది అన్నవే పిల్లల ఎదుగుదలను ఎక్కువగా నిర్ణయించాయి. పాపను పగలు ఎవరు చూసుకున్నా ఆమె ఇల్లు మీ ఇల్లే. దాని బరువు ఎక్కడికీ పోదు.

కాబట్టి మీరు చూడాల్సింది ఆ డే కేర్ ఎలాంటిదన్నది. ఒక్కో ఆయమ్మ ఎంతమంది పిల్లలను చూస్తోంది? మనుషులు తరచూ మారిపోతున్నారా, పాపకు అలవాటైన ముఖం ఒకటైనా నిలకడగా ఉందా? పిల్లలతో మాట్లాడేటప్పుడు కిందికి వంగి మాట్లాడతారా, పై నుంచి అరుస్తారా? చెప్పకుండా వెళ్తే లోపలికి రానిస్తారా? మధ్యాహ్నం పూట ఒకటి రెండు సార్లు అలా వెళ్లి చూడండి. 'చిక్కిపోతోంది' అన్న మాట గురించి వాదించకండి. అది బరువు తూచి చెప్పగల సంగతి. పిల్లల వైద్యుల దగ్గర ఎత్తు, బరువుల పట్టిక ఉంటుంది, దానిలో చూపించండి. నిజంగా భయపడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. వచ్చిన మాటలు వెనక్కి పోవడం, వారాల తరబడి తిండీ నిద్రా చెదిరిపోవడం, ఆటల మీద ఆసక్తి పోవడం, ఫలానా మనిషిని చూస్తే బిగుసుకుపోవడం, కారణం చెప్పలేని దెబ్బలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఈ ఉత్తరాలూ జవాబులూ పక్కన పెట్టి, వెంటనే పాపను అక్కణ్నుంచి మాన్పించి డాక్టరుకు చూపించండి. మీరు రాసినదాంట్లో నాకవేవీ కనబడలేదు.

రెండో గీత దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాలుగు పేజీల్లో అత్తగారికి పదకొండు వాక్యాలు, మీ అమ్మగారికి ఏడు, పై అధికారికి ఆరు. ఐడీ కార్డుకు దాదాపు ఒక పేజీ. పాప తండ్రికి రెండు. "ఆయన కూడా తొమ్మిదికే బయల్దేరతారు." "నీ ఇష్టం, ఏది చేసినా నాకు సమ్మతమే అంటారు." అంతే.

'నీ ఇష్టం' అన్నది వినడానికి మర్యాదగా ఉంటుంది. మీరు ఎటు తేల్చుకున్నా ఆయన రోజు మాత్రం మారదన్న ధీమా కూడా అందులో ఉంది. రేపు మీరు ఇంట్లో ఉండి విసిగిపోతే అది మీ ఇష్టమే, ప్రమోషన్ తీసుకుని నలిగిపోతే అదీ మీ ఇష్టమే. ఆయన చెడ్డవారని అనడం లేదు. ఈ ప్రశ్న ఆయన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. పిల్ల పుట్టాక నువ్వు ఉద్యోగం ఎలా చేస్తావని ఆయన ఆఫీసులో ఒక్కరైనా అని ఉండరు. మీరు కూడా అడగలేదు. అడిగి ఉంటే మీ ఉత్తరంలో మూడో వాక్యం ఉండేది.

ఆయన మెడలోనూ ఒక కార్డు ఉండే ఉంటుంది. పాప దాన్నెందుకు దాచలేదు? నాన్న వెళ్లడం ఆమెకు పొద్దు పొడవడం లాంటిది. అది ఆగుతుందని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. అమ్మ వెళ్లడం మాత్రం తేలని సంగతి. అమ్మ గుమ్మం దగ్గర తటపటాయిస్తుంది, ముద్దు పెట్టి మళ్లీ వెనక్కి వస్తుంది, నానమ్మ ఏదో అంటుంది, అమ్మ కళ్లు తడి అవుతాయి. కొంచెం గట్టిగా పట్టుకుంటే ఆగేలా ఉన్నది అమ్మేనని రెండేళ్ల పిల్లకు కూడా అర్థమైంది. ఇంట్లో పెద్దలకూ అలాగే అర్థమైంది.

ఆర్లీ హాక్‌షైల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1980ల్లో, ఇద్దరూ ఉద్యోగాలు చేసే దంపతుల ఇళ్లలో కూర్చుని గమనించి, ఆడవాళ్లు ఆఫీసు నుంచి వచ్చాక మొదలయ్యే పనికి 'రెండో షిఫ్టు' అని పేరు పెట్టారు. మీ ఉత్తరంలో నాకు వినిపించిన అలసట ఉద్యోగానిదా, రెండో షిఫ్టుదా? ఉద్యోగం మానేస్తే మొదటి షిఫ్టు పోతుంది. మిమ్మల్ని నలిపేస్తున్నది రెండోదయితే అది రోజంతా అవుతుంది. రాజీనామా పంపే ముందు ఈ ఒక్కటి మాత్రం తేల్చుకోండి.

మూడో గీత లెక్క కింద. "నా జీతంలో సగం." లెక్కలు చేసే మనిషి ఇలా ఎలా రాశారో నాకు అర్థం కాలేదు. డే కేర్ ఖర్చు మీ జీతంలోంచే ఎందుకు తీసేశారు? పాప ఇద్దరి పాప. ఇద్దరి ఆదాయం కలిపి, అందులోంచి తీసి చూడండి. భిన్నం వేరేగా కనిపిస్తుంది. రెండో లోపం కాలానిది. ఈ నెల జీతాన్ని ఈ నెల ఖర్చుతో పోల్చారు. ఇంకో మూడేళ్లకు పాప బడిలో ఉంటుంది, ఈ ఖర్చు రూపం మారిపోతుంది. మీకు 60 ఏళ్లు రావడానికి ఇంకా 28 ఏళ్లుంది. ఇప్పుడు వదిలేది ఈ నెలలో మిగిలే సగాన్ని ఒక్కదాన్నే కాదు. రాబోయే ఏళ్లలో పెరిగే జీతాన్ని, పదవీ విరమణ నాటికి కూడే పొదుపును, అనుభవానికి ఉండే విలువను కూడా.

ఈ నష్టం ఊహ కాదు. డెన్మార్క్‌లో ప్రసవ సెలవులూ పిల్లల సంరక్షణ కేంద్రాలూ సమృద్ధిగా ఉన్నాయి. అయినా అక్కడ కూడా మొదటి బిడ్డ పుట్టాక స్త్రీల ఆదాయం పడిపోయి, ఏళ్లు గడిచినా మగవాళ్లతో పోలిస్తే దాదాపు 20 శాతం వెనకే ఉండిపోతోందని హెన్రిక్ క్లెవెన్ బృందం చూపించింది. తండ్రుల ఆదాయంలో చెప్పుకోదగ్గ మార్పే లేదు. 2023లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ ఈ వ్యవహారాన్ని మరో వైపు నుంచి చూశారు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు రాగలిగినవాళ్లకు, వేళాపాళా లేకుండా ఉండగలిగినవాళ్లకు కొన్ని ఉద్యోగాలు లెక్కకు మించి చెల్లిస్తాయి. పిల్లలు పుట్టాక దంపతుల్లో ఒకరు అలాంటి ఉద్యోగానికీ, మరొకరు ఇంటి నుంచి వచ్చే పిలుపుకూ అందుబాటులో ఉంటారు. ఆ రెండోవారు ఎక్కువగా భార్యే. మీ ముందున్న ప్రమోషన్‌ను ఈ కోణంలో మరోసారి చూడండి. నెలాఖరులో ఉండాల్సిన ఆ రాత్రులు ఎన్ని, ఎన్ని గంటలు, అవి ముందే తెలుస్తాయా, హఠాత్తుగా వచ్చి పడతాయా? క్యాలెండరులో గీత పెట్టుకోగల నాలుగు రాత్రులయితే ఒక ఇల్లు సర్దుకోగలదు. ఎప్పుడు వస్తాయో తెలియని రాత్రులయితే ఎవరూ సర్దుకోలేరు.

అయితే లెక్క అందరికీ ఒకే జవాబు ఇవ్వదు. వచ్చే జీతం కంటే పిల్లల సంరక్షణ ఖర్చే ఎక్కువై, చేసే పని మీద ఇష్టమూ లేక, ముందు ముందు ఎదుగుదల కూడా కనబడని వాళ్లున్నారు. వాళ్లు మానేస్తే లెక్క ప్రకారం కూడా సరైన పనే. మీ పరిస్థితి అదేనా అంటే, నాలుగో గీత కాదంటోంది.

అది మూడో పేజీ అడుగున ఉంది. మీరు కొట్టేసిన వాక్యం. రెండు గీతలతో కొట్టేసినా కింద అక్షరాలు కనబడుతున్నాయి: "నెలాఖరున లెక్క పైసాతో సహా సరిపోయినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేను." దీన్ని ఎందుకు కొట్టేశారు? ఉద్యోగం డబ్బు కోసం, కుటుంబం కోసం అని చెబితే మర్యాదగా ఉంటుంది, ఆ పని నాకు ఇష్టం అంటే తల్లికి తగదని అనిపించిందా? స్వార్థపరురాలినా అన్న మీ ప్రశ్న ఇక్కడి నుంచే పుట్టిందని నా అనుమానం. మీ భర్తకు తన పని ఇష్టమైతే దాన్ని ఎవరూ స్వార్థమనరు, అంకితభావం అంటారు. మీకు మీ పని ఇష్టం. పాపంటే ప్రాణం. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటంలో వింతేమీ లేదు. కొట్టేసిన ఆ వాక్యాన్ని తిరిగి రాసుకోండి, నిర్ణయంలో దానికీ ఒక ఓటు ఉంది.

నా సంగతి కూడా చెప్పేస్తాను, నా మాటలు ఎటు మొగ్గుతున్నాయో మీరే చూసుకోవచ్చు. నేను నాలుగేళ్లు ఇంట్లో ఉన్నాను, తర్వాత మళ్లీ పనిలో చేరాను. ఇంట్లో ఉన్నప్పుడు, చదివిన చదువంతా వృథా చేస్తున్నానేమోనని కుంగిపోయాను. పనిలో చేరాక, పిల్లవాడికి జ్వరం వచ్చిన ప్రతిసారీ కుంగిపోయాను. ఉద్యోగం మారినా ఇల్లు మారినా ఆ దిగులు మాత్రం నా వెంటే వచ్చింది. అది పోతుందన్న ఆశతో మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ఇక దారులు.

మానేస్తే ఏమవుతుంది? పాపతో పగటిపూట గడిపే కాలం దొరుకుతుంది, అది నిజమైన లాభం, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ల మాట వినకండి. ఉదయాల హడావుడి తగ్గుతుంది. కానీ ఇంట్లో ఉన్న తల్లి రోజంతా బిడ్డతో ఆడుకుంటూ ఉంటుందన్నది బయటివాళ్ల ఊహ. ఇంటి పనంతా సహజంగానే మీ మీదికి జారుతుంది, 'నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా' అన్న ఒక్క మాటతో. కాబట్టి ఈ దారిలో వెళ్లేటట్లయితే నాలుగు విషయాలు ముందే మాట్లాడుకోండి, వీలైతే కాగితం మీద పెట్టండి. ప్రతి నెలా మీ పేరున ఉన్న ఖాతాలో, మీరు అడగనవసరం లేకుండా పడే డబ్బు ఎంత? మీ బీమా, మీ వృద్ధాప్యపు పొదుపు ఆగకుండా ఎవరు కడతారు? వారంలో మీకు మీరుగా ఉండే గంటలు ఎప్పుడు, అప్పుడు పాపను చూసేదెవరు? మళ్లీ పనికి వెళ్లాలని ఎప్పుడు ఆలోచిస్తారు, ఆ తేదీ ఏమిటి? మీ అమ్మగారి భయం మొదటి ప్రశ్నలోనే ఉంది. ఆవిడ ఉద్యోగం గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి చెయ్యి చాచడం గురించి చెబుతున్నారు. చేతిలో సొంత డబ్బున్న గృహిణికి ఆ భయం చాలావరకు ఉండదు. విరామం తీసుకున్నా మీ రంగంలో మారే నిబంధనలు, కొత్త సాఫ్ట్‌వేర్ తెలుసుకుంటూ ఉండండి. ఏటా నిబంధనలు మారే పనిలో ఐదేళ్ల విరామం తర్వాత తిరిగి రావడం ఏడాది విరామం తర్వాత వచ్చినంత తేలిక కాదు. మీ స్నేహితురాలు రాత్రి పదకొండుకు పంపే మెసేజ్‌లు అందుకే.

ప్రమోషన్ తీసుకుంటే? మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటుంది, దాచి చెప్పను. కానీ పై స్థాయికి వెళ్లినవాళ్లకు తమ వేళలను తామే సర్దుకునే వీలు కొన్నిచోట్ల ఎక్కువ ఉంటుంది. మీ సంస్థలో ఆ స్థాయిలో ఉన్నవాళ్లను చూడండి, వాళ్లు సాయంత్రం ఎన్నింటికి ఇంటికి వెళుతున్నారో. ఒప్పుకునే ముందే షరతులు మాట్లాడండి. అప్పటివరకు మీ మాటకు ఉన్న విలువ, సంతకం పెట్టాక ఉండదు. నెలాఖరు పనిలో ఎంత ఇంటి నుంచి చేయవచ్చు, ఆరుగురిలో ఎవరెవరు వంతులు పంచుకోవచ్చు అని అడగండి. అడిగితే చిన్నచూపు చూస్తారని భయపడుతున్నారు. తొమ్మిదేళ్లుగా లెక్క సరిపెడుతున్న మనిషి వెళ్లిపోతే వాళ్లకూ కష్టమే, ఆ సంగతి వాళ్లకు తెలిసే ప్రమోషన్ ఇస్తామంటున్నారు.

ఇప్పుడున్న చోటే ఉండి ప్రమోషన్‌ను వద్దనుకోవడం మూడో దారి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. 'వద్దు' అనే బదులు 'ఏడాది తర్వాత మాట్లాడదాం' అనండి. అవకాశం మళ్లీ వస్తుందన్న హామీ లేదు, ఆ అవకాశం అందుకున్నవాళ్ల కింద పనిచేయాల్సి రావచ్చు. ఆ ఊహ మీకు ఎలా ఉందో ఒక రాత్రి ఆలోచించి చూడండి. తేలిగ్గా అనిపిస్తే ఇదే మీ దారి కావచ్చు. మంటగా అనిపిస్తే, అదీ ఒక సమాధానమే.

సగం రోజు ఉద్యోగం గురించి కూడా అడిగారు. దొరికితే మంచిదే, ఒక్క హెచ్చరిక: జీతం సగమై, పని మాత్రం ముప్పావు వంతు మిగిలిపోవడం చాలాచోట్ల చూశాను. గంటలు తగ్గించేటప్పుడు ఏ పనులు తీసేస్తున్నారో పేరుపేరునా రాయించుకోండి.

ఏ దారి పట్టినా, ఆ నిర్ణయం కార్డు దొరికిన రాత్రి లాంటి రాత్రిలో తీసుకోకండి. గడువు ఇంకా రెండు నెలలుంది. రాజీనామా లేఖను అలాగే ఉంచండి, అది ఎక్కడికీ పారిపోదు.

పాప గుమ్మం దగ్గర ఏడ్చే విషయంలో చిన్న మాట. చెప్పకుండా జారుకోకండి. తిరిగి తిరిగి వెనక్కి రాకండి. ఒకటే మాట, ఒకటే ముద్దు, వెళ్లిపోవడం. గంటలు చెబితే ఆమెకు తెలియదు, "నిద్ర లేచి, ఆడుకున్నాక అమ్మ వస్తుంది" అంటే తెలుస్తుంది. చెప్పిన వేళకు వెళ్లండి. కార్డు మీద అంత మోజు ఉంది కాబట్టి అట్టముక్కతో ఆమెకూ ఒకటి చేసి, దారం కట్టి మెడలో వేయండి. మీ కార్డును మీ మెడలో వేసే పని ఆమెకే ఇవ్వండి. పంపించేది తానేనని అనిపిస్తే పంపించడం కొంత తేలికవుతుంది.

1999లో ఎలెన్ గలిన్‌స్కీ అనే పరిశోధకురాలు అమెరికాలో వెయ్యి మందికి పైగా బడి పిల్లలను ఒక ప్రశ్న అడిగారు: మీ అమ్మానాన్నల ఉద్యోగం వల్ల మీ జీవితాలు ఎలా ఉన్నాయో చూసుకుని, ఒక్క కోరిక కోరుకోమంటే ఏం కోరుకుంటారు? పిల్లలు తమతో ఇంకా ఎక్కువసేపు ఉండమంటారని తల్లిదండ్రులు ఊహించారు. మిగతా కోరికలన్నిటి కంటే ఎక్కువమంది పిల్లలు కోరుకున్నది వేరు. అమ్మానాన్నలకు అలసట, ఒత్తిడి తగ్గాలని. వాళ్లు మీ పాప కంటే పెద్దవాళ్లు, నిజమే. మీ పాపా ఆ వయసుకు వస్తుంది.

అందుకని ముందు ఒక పని చేయండి. రేపు సోమవారం నుంచి మూడు వారాలు పాపను ఉదయం తయారు చేసి డే కేర్‌లో దింపడం ఆమె నాన్న పని. సాయంత్రం తీసుకురావడం వారానికి రెండుసార్లు ఆయనదే. మీకు సాయం చేస్తున్నట్టు కాకుండా పూర్తిగా ఆయనదే. సంచీలో మారుబట్టలు పెట్టడం గుర్తు చేయకండి. ఒకసారి మరిచిపోతే ఆయమ్మే చెబుతుంది, రెండోసారి మరిచిపోరు. పాపకు జలుబు చేసిన రోజు సెలవు ఎవరు పెట్టాలన్నది వంతులవారీగా ముందే రాసి గోడకు అంటించండి. ఆయన వేళలకు కుదరదంటే, కుదరకపోవడం అంటే ఏమిటో, ఎవరిని అడగాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడండి. మీరు ఇన్నాళ్లూ కుదుర్చుకున్నారు కదా. అత్తగారికి ఏం చెప్పాలో కూడా ఆయన్నే చెప్పమనండి, ఆవిడ ఆయనకు అమ్మ.

మూడు వారాలయ్యాక మళ్లీ రాయండి. మీకు అలసట ఎంత తగ్గిందో, తగ్గలేదో, ప్రమోషన్ మాట విన్నప్పుడు ఇప్పుడేం అనిపిస్తోందో రాయండి. పాప ఈసారి ఎవరి కార్డు దాచిందో కూడా తప్పకుండా రాయండి.